గడప దగ్గర ఆగిన అడుగు

(శంషాబాద్ మండలంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో, అక్కడే తెలుగు పండితురాలిగా పనిచేసిన మా అక్క వర్ధంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సభల్లో పోయినవారి గుణగణాలు చెప్పడం ఆనవాయితీ. అక్క పాఠం ఎట్లా చెప్పేదో, పద్యం ఎత్తుకుంటే చివరి బెంచీ దాకా గొంతు ఎట్లా వినబడేదో నాకంటే ఆమె దగ్గర చదువుకున్న మీకే బాగా తెలుసు. నేను ఆమె తమ్ముణ్ణి, ఆమె తరగతిలో కూర్చున్నవాణ్ణి కాను. నాకు తెలిసింది ఆమె జీవితంలో ఇంకో భాగం. పద్నాలుగేళ్లు ఆమెతో పాటు మా ఇంట్లో కాపురమున్న పార్కిన్సన్స్ జబ్బు గురించి ఇవాళ మాట్లాడతాను. సభలో జబ్బు సంగతులెందుకని మా బంధువుల్లో ఒకరిద్దరు అన్నారు. అక్క ఏనాడూ దాన్ని దాచలేదు. వణికే చేతిని కొంగు చాటున పెట్టుకోలేదు. ఆమె దాచనిది నేను దాచడం మర్యాద కాదు.

జబ్బు ఎప్పుడు మొదలైందో డాక్టర్లు కచ్చితంగా చెప్పలేరు. దాని ఆనవాళ్లు మాత్రం ఈ బడి బీరువాలోనే ఉన్నాయి. హాజరు పట్టీలు. నెలకోసారి క్లాసు టీచరు పిల్లల పేర్లన్నీ తిరగరాయాలి కదా. 2003, 2004 పట్టీల్లో అక్క దస్తూరి గుండ్రంగా, గడి నిండుగా ఉంటుంది. 2006కు వచ్చేసరికి పేరు మామూలుగానే మొదలై చివరికి పోయేకొద్దీ అక్షరాలు ఆవగింజలంత అవుతాయి. పంజాగుట్ట నిమ్స్ ఆస్పత్రిలో చూపించినప్పుడు న్యూరాలజిస్టు మొదట అడిగిన వాటిలో ఇదొకటి: పాత రాత ఏమైనా ఉందా అమ్మా అని. అప్పటి హెడ్మాస్టరు గారు ఆ పట్టీల జిరాక్సులు తీయించి ఇచ్చారు. ఆయనకు మా కుటుంబం తరఫున ఇన్నాళ్లకు ఈ వేదిక మీద కృతజ్ఞత చెప్పుకుంటున్నాను.

అంతకు ముందే వాసన పోయింది. పొయ్యి మీద పులుసు మాడుతున్నా అక్కకు తెలిసేది కాదు. తర్వాత కుడి భుజం పట్టేసిందన్నారు, ఎముకల డాక్టరు దగ్గర కొన్ని నెలలు వైద్యం నడిచింది. నడిచేటప్పుడు ఆ చెయ్యి ఊగడం మానేసిందని ఎవరి కంటా పడలేదు. వేళ్లు వణకడం మొదలయ్యాకే అందరికీ జబ్బు కనబడింది. మెదడు అడుగు భాగాన సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చిన్న నల్లని చోట డోపమైన్‌ను తయారుచేసే కణాలుంటాయి. మనం అనుకున్న కదలిక అనుకున్నట్టు సాగాలంటే ఆ డోపమైన్ కావాలి. ఒంట్లో లక్షణాలు బయటపడే నాటికే ఆ కణాల్లో చాలా భాగం చచ్చిపోయి ఉంటాయి. కొందరికైతే చివరిదాకా వణుకే రాదు. అందుకే ఈ జబ్బును వణుకుడు రోగం అని మాత్రమే తెలిసిన ఇళ్లలో అది ఏళ్ల తరబడి పేరు లేకుండానే ఉండిపోతుంది.

అవి ఈ ఊరి రూపే మారిపోతున్న రోజులు. 2005 మార్చిలో విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. దాదాపు 5,500 ఎకరాలు దాని కిందికి పోయాయి. భూసేకరణ నోటీసులు పట్టుకుని తల్లిదండ్రులు బడికి వస్తే వరండాలో కూర్చోబెట్టి చదివి అర్థం చెప్పింది అక్కే. అర్జీలు రాసిపెట్టింది కూడా ఆ చేత్తోనే. 2008 మార్చి 23న ఇక్కడి నుంచి విమానాలు ఎగరడం మొదలుపెట్టాయి. ఆ వేసవిలోనే నిమ్స్ డాక్టరు జబ్బుకు పేరు పెట్టాడు. అక్కకప్పుడు యాభై రెండేళ్లు. ఇంకా ఆరేళ్ల సర్వీసు ఉంది.

ఆ ఆరేళ్లూ ఆమె బడికి వచ్చింది. సెలవు పెట్టి ఇంట్లో కూర్చోమని అందరం చెప్పాం. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో మహమ్మద్ అలీ వణికే చేత్తో జ్యోతి వెలిగించడం ఆమె టీవీలో చూసింది. అంత లోకం ముందు ఆయన నిలబడ్డాడు, నలభై మంది పిల్లల ముందు నేను నిలబడలేనా అంది. బోర్డు మీద రాయడం కష్టమయ్యాక పిల్లలచేత రాయించింది. గొంతు సన్నబడ్డాక బెంచీలను దగ్గరికి జరిపించి అర్ధచంద్రాకారంలో కూర్చోబెట్టింది. ఆ క్లాసులో చదివినవాళ్లు ఇక్కడున్నారు. టీచరు మాట వినడం కోసం క్లాసంతా ఊపిరి బిగబట్టుకుని కూర్చునేవాళ్లమని నాకు చెప్పింది మీలోనే ఒకరు.

మందు సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ జబ్బు ఉన్న ఇంట్లో రోజు నడిచేది దాని చుట్టే. లెవోడోపా. మన మందుల షాపుల్లో సిండోపా అంటే అందరికీ తెలుస్తుంది. అది మెదడులోకి వెళ్లి డోపమైన్‌గా మారుతుంది. మొదట్లో అక్క రోజుకు మూడు వేసుకునేది. ఏళ్లు గడిచేకొద్దీ ఒక్కో మాత్ర పనిచేసే సమయం తగ్గిపోయి, చివరికి మూడు గంటలకొకటి అయింది. మా ఇంట్లో రెండు మాటలుండేవి. "మాత్ర ఎక్కింది" అంటే ఇప్పుడు అక్క లేచి తల దువ్వుకోగలదు, వంటింట్లోకి రాగలదు, ఫోనులో మాట్లాడగలదు. "మాత్ర దిగింది" అంటే కుర్చీలోంచి లేవడానికి కూడా మనిషి కావాలి. ఒకే మనిషి పొద్దున పది గంటలకు ఒక తీరు, పదకొండున్నరకు ఇంకో తీరు. చూడవచ్చినవాళ్లు, ఇందాక బాగానే నడిచింది కదా, ఇప్పుడు కావాలని చేస్తున్నదేమో అనేవాళ్లు. ఆ మాట అక్క చెవిన పడకుండా కాచుకోవడం మా బావకు పెద్ద పని.

పప్పుకూ ఆ మాత్రకూ పడదు. పప్పు, గుడ్డు, మాంసం అరిగాక వచ్చే అమైనో ఆమ్లాలూ లెవోడోపా కూడా మెదడులోకి పోయేది ఒకే దారిన. భోజనంతో కలిపి వేసుకుంటే మాత్ర వెనకబడుతుంది. అరగంట ముందైనా వేసుకోవాలి, తిన్నాక గంట దాటాకైనా వేసుకోవాలి. పప్పు లేనిదే ముద్ద దిగని అక్క పగటిపూట రొట్టె, కూరతో సరిపెట్టుకుని పప్పును రాత్రికి మార్చుకుంది. ఆ ఒక్క మార్పుతో ఆమెకు మధ్యాహ్నాలు తిరిగి వచ్చాయి.

ఈ మందు కథలో మనవాళ్లకూ చోటుంది. దూలగొండి మీకు తెలుసు. చేను గట్ల మీద పాకే తీగ, కాయల నూగు ఒంటికి తగిలితే దురద. చిన్నప్పుడు ఒకరి మీద ఒకరం చల్లుకుని దెబ్బలు తిన్నవాళ్లం ఇక్కడ చాలామందిమి ఉన్నాం. ఆ గింజల్లో లెవోడోపా ఉంది. దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1937లోనే ఆ గింజల నుంచి దాన్ని వేరుచేసి చూపించారు. అది పార్కిన్సన్స్‌కు పనికొస్తుందని లోకానికి అప్పటికింకా తెలియదు. 1950లలో అర్విడ్ కార్ల్‌సన్ మెదడులో డోపమైన్ పని ఏమిటో చూపించాడు. 1961లో వియన్నాలో రోగులకు తొలిసారి లెవోడోపా ఇచ్చారు. 1967లో జార్జ్ కోట్జియాస్ దాన్ని నోటి ద్వారా పెద్ద మోతాదులో ఇచ్చే పద్ధతి కనుక్కున్నాకే మంచాన పడ్డవాళ్లు లేచి నడిచారు. కంపవాతానికి దూలగొండి వాడటం మన ఆయుర్వేదంలో ఉన్నదే. అట్లాగని పొట్లాల్లో అమ్మే పొడి కొని సొంతంగా వాడకండి. గింజ గింజకూ మందు పాలు మారుతుంది. మాత్రతో పాటు అదీ వేసుకుంటే మోతాదు మీద అదుపు ఉండదు. వాడాలనుకుంటే డాక్టరుకు చెప్పి వాడండి.

ఇంకొక సంగతి చెప్పడం నాకు గర్వం. లెవోడోపా ప్రభావం మధ్యమధ్య దిగిపోయే రోగుల కోసం సఫినమైడ్ అనే మందు వచ్చింది. 2017లో అమెరికా దానికి అనుమతి ఇచ్చింది. దాని పరీక్షల్లో ముఖ్యమైన ఒకదాని ఫలితాలు 2014లో మూవ్‌మెంట్ డిజార్డర్స్ పత్రికలో వచ్చాయి. 669 మంది రోగుల మీద జరిగిన ఆ అధ్యయనానికి మొదటి రచయిత అప్పుడు మన నిమ్స్‌లో న్యూరాలజిస్టుగా ఉన్న డాక్టర్ రూపం బొర్గొహెయిన్. ఆ రోగుల్లో పెద్ద భాగం భారతీయులు. మందు దుకాణంలో కొనే ప్రతి కొత్త మాత్ర వెనుక, అది పనిచేస్తుందో లేదో తెలియని రోజుల్లో తమ ఒంటి మీద పరీక్షకు ఒప్పుకున్న మనుషులున్నారు. వాళ్ల పేర్లు మనకు తెలియవు. ఈ సభలో వాళ్లను కూడా తలుచుకోవాలని నా మనవి.

ఇక నడక. నేను ఇవాళ ముఖ్యంగా చెప్పదలచుకున్నది దీని గురించే.

పార్కిన్సన్స్ ముదిరాక అడుగు ఉన్నట్టుండి ఆగిపోతుంది. ముఖ్యంగా గడపల దగ్గర, ఇరుకు సందుల్లో, మలుపు తిరిగేటప్పుడు, ఎవరైనా తొందరపెట్టినప్పుడు. కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టుంటుందని అక్క చెప్పేది. ఒంట్లో బలం లేక కాదు. నడవాలని మనసులో ఉంది, కాలికి ఆ కబురు అందదు. అప్పుడు చెయ్యి పట్టి లాగితే మనిషి పడిపోతుంది. త్వరగా రా అంటే ఇంకా బిగుసుకుంటుంది. విచిత్రమేమిటంటే నేల మీద అడ్డంగా ఒక గీత కనబడితే చాలు, దాన్ని దాటడానికి అదే కాలు లేస్తుంది. పక్కన తాళం వినిపిస్తే ఆ తాళానికి అడుగు పడుతుంది. తనంతట తాను మొదలుపెట్టలేని కదలికను మెదడు బయటి ఆనవాలు పట్టుకుని మొదలుపెట్టగలదు. ఫిజియోథెరపీలో దీన్నే నేర్పిస్తారు. మా బావ ఇంట్లో ప్రతి గడప ముందూ ఎర్ర రంగు టేపు అంటించాడు.

ఒక ఏడాది బతుకమ్మ పండగకు అక్కను గుడి దగ్గరికి కుర్చీలో తీసుకుపోయాం, కూర్చుని చూస్తుందని. ఆడవాళ్లు బతుకమ్మలను మధ్యలో పెట్టి చప్పట్లతో వలయం కట్టారు. కాసేపటికి అక్క లేస్తానంది. మా చెల్లెలు ఒక పక్క, మరదలు ఒక పక్క నిలబడ్డారు. ఇంట్లో పడకగది నుంచి వంటింటికి రావడానికి పావుగంట పట్టే మనిషి, వంగి చప్పట్లు కొడుతూ ఆ వలయంలో కలిసి తిరిగింది. పాట ఆగగానే కాళ్లూ ఆగిపోయాయి. మళ్లీ పాట ఎత్తుకుంటే మళ్లీ కదిలాయి. చుట్టూ ఉన్నవాళ్లు అమ్మవారి మహిమ అన్నారు. నేను వాళ్ల మాట కాదనలేదు. చిన్నప్పటి నుంచీ ఒంటికి పట్టిన తాళం జబ్బు చేరని దారిన అక్క కాళ్లను చేరుకుందని మాత్రం నాకు అర్థమైంది. ఆ తర్వాత ఇంట్లో అడుగు ఆగినప్పుడల్లా ఎవరో ఒకరం చప్పట్లు కొట్టేవాళ్లం. నాలుగు చప్పట్లకు గడప దాటేది.

1817లో ఈ జబ్బును మొదట వివరించిన లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ తన పుస్తకంలో ఆరుగురి గురించి రాశాడు. వాళ్లలో కొందరిని ఆయన వైద్యశాలలో చూడలేదు. వీధిలో నడుస్తుంటే చూశాడు. నడక చూసి, వీలైన చోట పలకరించి తెలుసుకున్నాడు. వీధిలో ఒకరి నడక మీద అంత శ్రద్ధ పెట్టిన మనిషి పేరు జబ్బుకు రావడం న్యాయమే అనిపిస్తుంది నాకు.

ఇట్లాంటి శ్రద్ధ నేను ఇంకోచోట చూశాను. అక్క తన కొడుకు దగ్గరికి అమెరికా వెళ్లేటప్పుడు మన విమానాశ్రయంలో జరిగింది. టెర్మినల్ తలుపు దగ్గర, టికెట్టూ గుర్తింపు కార్డూ చూసే చోట, అక్క అడుగు ఆగిపోయింది. వెనక ట్రాలీల వరస. ఎవరో విసుక్కున్నారు, ఎవరో పక్కకు జరగమన్నారు. అంతలో చక్రాల కుర్చీలు తోసే కుర్రాడు ఒకడు వచ్చి "టీచర్" అన్నాడు. ఈ బడిలో చదివినవాడే, పక్క ఊరివాడు. వాళ్ల పొలం ఇప్పటి విమానాశ్రయం లోపలే ఉండేది. అతను అక్క చెయ్యి పట్టుకోలేదు. తన బూటు ఆమె పాదం ముందు అడ్డంగా పెట్టి, "దీన్ని దాటండి టీచర్, తొందరేం లేదు" అన్నాడు. అక్క దాటింది. ఈ కిటుకు ఎక్కడ నేర్చుకున్నావని తర్వాత అడిగాను. రోజూ ఎంతోమంది ముసలివాళ్లను చూస్తుంటాం సార్, ఒక పెద్దాయన భార్య ఇట్లా చేస్తుంటే చూసి నేర్చుకున్నా అన్నాడు. అతను ఇవాళ సభకు వచ్చాడు. పేరు చెప్పవద్దన్నాడు, చెప్పడం లేదు.

అమెరికాలో ఉన్నన్నాళ్లూ అక్క తన చేతి గడియారాన్ని హైదరాబాద్ టైముకే ఉంచుకుంది. ఊరి టైము ఏదైనా, రెండు మాత్రల మధ్య ఎడం మారకూడదు కదా.

ఎడం మారితే ఏమవుతుందో తర్వాత చూశాం. స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. చేర్చిన ఆస్పత్రిలో నియమం ప్రకారం ఇంటి మందులన్నీ తీసేసుకున్నారు. వార్డులో మందుల బండి వచ్చే వేళకే ఇస్తామన్నారు. అంటే రోజుకు మూడుసార్లు. రెండో రోజుకే ఒళ్లు కర్ర అయింది, మూడో రోజు మంచినీళ్లు మింగలేకపోయింది. వాంతులకని మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ రాశారు. అది డోపమైన్‌కు అడ్డుపడే మందు, పార్కిన్సన్స్ రోగికి ఇవ్వకూడదు. బావ సంచిలో న్యూరాలజిస్టు రాసిచ్చిన చీటీ ఉండబట్టి ఆపగలిగాం. అక్కడి నర్సులు చెడ్డవాళ్లు కారు, వాళ్లకు ఎవరూ చెప్పలేదు. బ్రిటన్‌లో పార్కిన్సన్స్ యూకే అనే సంస్థ, ఆస్పత్రుల్లో ఈ రోగులకు మందు వేళకు ఇవ్వాలని ఏళ్ల తరబడి ఉద్యమం నడుపుతోంది. అటువంటి నియమం మన ప్రతి ఆస్పత్రి వార్డులోనూ రావాలి. లెవోడోపాను ఒక్కసారిగా ఆపేస్తే జ్వరంతో ఒళ్లు బిగుసుకుని ప్రాణం మీదికి కూడా రావచ్చు.

ఆ తర్వాత అక్క పూర్తిగా కోలుకోలేదు. ముఖంలో కండరాలు బిగిసి నవ్వు పైకి కనబడేది కాదు. టీచరుకు మా మీద కోపమొచ్చిందా అని చూడవచ్చిన పాత విద్యార్థులు నన్ను పక్కకు పిలిచి అడిగేవాళ్లు. లేదు. మీరు వచ్చి వెళ్లిన రోజు ఆమె రాత్రి భోజనం బాగా చేసేది. చివరి ఏడాది గదిలో పిల్లలు కనబడుతున్నారనేది. జబ్బూ మందూ రెండూ కలిసి అలాంటివి చూపిస్తాయని డాక్టరు చెప్పాడు, మోతాదు సర్దాడు. ఎవరూ లేరని మేం వాదించలేదు. ఎంతమంది వచ్చారక్కా అని అడిగితే, నిలబెట్టారెందుకు, కూర్చోమనండి అనేది. మాట దాదాపుగా పోయినా ఆ మాట స్పష్టంగా వచ్చేది. 2022లో ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి పోయింది. మింగడం కష్టమైన పార్కిన్సన్స్ రోగుల్లో చాలామంది అట్లాగే పోతారు.

మా బావ గురించి ఒక్క మాట. పద్నాలుగేళ్లలో ఆయన నోట "తొందరగా కానియ్" అనే మాట నేను వినలేదు. అన్నం ముద్ద నోట్లోకి పోయి దిగేదాకా, మాట పెదవుల మీదికి వచ్చేదాకా, కాలు గడప దాటేదాకా ఆగేవాడు. పార్కిన్సన్స్ మనిషిని నెమ్మది చేస్తుంది. దాని బాధలో సగం ఆ నెమ్మదితనం పెడుతుంది, మిగతా సగం చుట్టూ ఉన్న మన హడావుడి పెడుతుంది. మొదటి సగానికి మందుంది, అదీ కొంతవరకే. రెండో సగం పూర్తిగా మన చేతిలో ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019 నాటికే ప్రపంచంలో 85 లక్షల మందికి పైగా ఈ జబ్బుతో బతుకుతున్నారు. మన మండలంలోనూ తప్పకుండా ఉన్నారు. పేరు తెలియకుండా, ముసలితనం అనుకుంటూ ఉన్నారు. అందుకే మీకు నా విన్నపాలు కొన్ని. విమానాశ్రయంలో, బస్టాండులో, బ్యాంకులో, రేషన్ షాపులో పనిచేసే మీరు, ఎవరైనా ఎదురుగా అడుగు ఆగి నిలబడిపోతే లాగకండి. మీ పాదం అడ్డంగా పెట్టండి, లేదా మెల్లగా చప్పట్లు కొట్టండి, ఆగండి. ఇంట్లో ఎవరికైనా రాత చిన్నదవుతున్నా, ఒక చెయ్యి ఊగడం మానేసినా, వాసన పోయినా నిమ్స్‌లోనో ఉస్మానియాలోనో న్యూరాలజీ ఓపీలో చూపించండి. ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే మందుల వేళల కాగితం రోగి మంచానికి అంటించండి. ఇంకొకటి, చాలామందికి తెలియనిది: 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో పార్కిన్సన్స్ ఉంది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నట్టు ధ్రువపత్రం వస్తే, మిగతా అర్హతలూ ఉన్నవాళ్లు పింఛనుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. తెలంగాణలో వికలాంగుల పింఛనును 2023లో నెలకు 3,016 నుంచి 4,016 రూపాయలకు పెంచారు. దరఖాస్తు నింపడం రానివాళ్లకు నింపిపెట్టడానికి అక్క విద్యార్థులు కొందరు ముందుకొచ్చారు. సభ అయ్యాక వాళ్లు వరండాలో కూర్చుంటారు. ఆధార్ కార్డు, డాక్టరు చీటీలు తెచ్చుకున్నవాళ్లు ఇవాళే వాళ్లను కలవండి.